బానెట్ తెరవని కారు

ఎనభైల చివర్లో నేను తెనాలిలో ఉంటూ పాలిటెక్నిక్‌లో మోటారు ఇంజన్లు బోధించేవాణ్ణి. పాత కార్లు సేకరించే మద్రాసు పెద్దమనిషి ఒకాయన నాకొక పని అప్పగించాడు. ఒకే జర్మనీ కారు మోడల్, అందులో రెండు రకాలు. పైకి తేడా కనపడదు. మామూలు రకానికి ఇంజను పక్కన, పెట్రోలులో గాలి కలిపే కార్బురేటర్ ఒక్కటే ఉంటుంది. పందేల కోసం వేగం పెంచిన రకానికి రెండు. ఈ రెండోది మన దేశంలో బహు అరుదు. బాపట్లలో ఒక డాక్టరు గారి దగ్గర ఒక కారు, రేపల్లెలో కాలం చేసిన రైస్ మిల్లు యజమాని ఇంట్లో ఇంకొకటి ఉన్నాయని ఆయనకు తెలిసింది. అవి ఏ రకమో నేను వెళ్లి చూసి చెప్పాలి.

“రెండు కార్బురేటర్లు ఉన్నది ఎలా ఉన్నా కొంటాను మాస్టారూ. రెండూ మామూలువే అయితే, వాటిలో బాగున్నది తీసుకుంటాను,” అన్నాడు.

బాపట్ల కారును గంటన్నర చూశాను. చాసిస్ నంబరు, టైర్లు, తుప్పు, అన్నీ డైరీలో రాసుకున్నాను. బానెట్ ఎత్తితే కార్బురేటర్ ఒక్కటే.

“నా పేషెంట్లని నేను కూడా ఇంతసేపు చూడనండి,” అని డాక్టరు గారు నవ్వారు.

ఆ మాటను పొగడ్తగా తలకెక్కించుకునే మర్నాడు రేపల్లె వెళ్లాను. షెడ్డులో కారంతా దుమ్ము. బానెట్ మీద పసుపూ కుంకుమా ఎండి అంటుకుపోయి ఉన్నాయి.

“ఆఖరి దసరాకి ఆయన పెట్టిన బొట్టండి,” అన్నారు ఇంటావిడ. “చెరిగిపోద్దని తుడవలేదు. మీరు తెరవాలంటే తెరవండి అన్నయ్యగారూ, పర్లేదు. ఎవరో ఒకరు నడుపుకుంటే చాలు. తుక్కు కింద ఇవ్వడానికి మనసొప్పట్లేదు.”

గొళ్లెం బిగుసుకుపోయింది. రెండుసార్లు లాగాను. ఇంకా లాగాలంటే ఆ బొట్టు మీద చెయ్యి ఆనించాలి. తెనాలి బండికి ఇరవై నిమిషాలే టైముంది.

“అక్కర్లేదమ్మా. బయట చూస్తేనే తెలిసిపోతుంది, ఇది మామూలు రకం,” అన్నాను.

బొట్టు మీది గౌరవం కొద్దీ వదిలేశానని ఆవిడ అనుకున్నారు. నిజానికి అది బండి తప్పుతుందన్న తొందర, నాకు తెలియలేదని ఒప్పుకోలేని గర్వం. రైల్లో డైరీ తీసి, “బానెట్ తెరిచి చూశాను. కార్బురేటర్ ఒకటి,” అని రాశాను. చూడనిదాన్ని చూశానని నా డైరీలో రాయడం అదే మొదటిసారి.

మద్రాసాయన బాపట్ల కారు కొన్నాడు.

ఏడాది తిరక్కుండానే తెనాలిలో పాత ఇనుము కొట్టు ముందు ఆ బానెట్ కనపడింది. గోడకు ఆనించి ఉంది, బొట్టు అలాగే ఉంది. లోపల నేల మీద ఇంజను, దాన్ని అంటిపెట్టుకుని రెండు కార్బురేటర్లు. మిగతా కారు అప్పటికే కోసేశారు.

“కావాలా మాస్టారూ?” అన్నాడు కొట్టతను. తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

తొంభైల్లో, రేపల్లెలో ఒక పెళ్లిలో ఆవిడే నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చారు.

“మీరు అంత దూరం వచ్చి చూసి చెప్పారు కాబట్టి మనసు కుదుటపడిందండి. అందులో ప్రత్యేకం ఏమీ లేదని తెలిశాకే, షెడ్డు కూలేట్టుంటే ఇచ్చేశాను. కాఫీ తాగారా అన్నయ్యగారూ?”

ఆవిడ స్వయంగా తెచ్చిచ్చిన కాఫీ ఆఖరి గుక్క దాకా తాగాను. నిజం చెప్పలేదు. ఆ రాత్రి డైరీలో ముహూర్తం, వంటలు, వచ్చినవాళ్ల సంగతులు వరసగా రాశాను. ఆవిడ కలిసినట్టు రాయలేదు.