నాచారం చెరువు మీద డకోటా కోసం

పంతొమ్మిది వందల అరవైల మధ్యలో మేం ముగ్గురం నాచారంలో ఉండేవాళ్లం. అక్క, బావ, నేను. డిప్లొమా చేతికి రాగానే నేను అక్కడ కొత్తగా లేచిన కార్ఖానాల్లో ఒకదాంట్లో మీటర్లు సరిచూసే పనిలో చేరాను. బావ ప్రభుత్వ విమాన సంస్థలో రేడియో ఆఫీసరు. మాకు ఇంట్లో వాటా అద్దెకిచ్చిన రైతు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. నేను ఆయన్ని మామా అనేవాణ్ని. ఆయన వరస కలిపి నన్ను అల్లుడా అని పిలిచి, "బిడ్డనియ్యని అల్లునివి, నీకు కట్నం బాధ లేదు, నాకు లేదు" అని నవ్వేవాడు. ఇంటి వెనక ఆయన జొన్నచేను. చేను దాటితే చెరువు. అటువైపు ఉప్పల్ దాకా ఇళ్లకంటే ఖాళీ నేలే ఎక్కువ.

బావ ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు ఆ ఉద్యోగమే లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. వాటితో దేశంలో చాలా కంపెనీలు లేచాయి. హైదరాబాదులో కూడా ఒకటి ఉండేది, బావ అందులో కుర్రవాడిగా చేరాడు. తర్వాత ప్రభుత్వం అన్నిటినీ కలిపి ఒకే సంస్థ చేసింది. "తోక మీద బొమ్మ మారింది, జీతం కాగితం మీద పేరు మారింది. నా సీటు మాత్రం అదే," అనేవాడు. ఆ సీటు పైలట్ల వెనక, పక్కకి తిరిగి ఉంటుంది. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతికింద చుక్కా గీతల సంకేతాలు కొట్టే మోర్స్ కీ. కింది స్టేషన్లు చెప్పే గాలి, మబ్బు, ఎత్తు, దిగే వరస, అన్నీ విని చీటీ మీద రాసి ముందుకి అందించాలి. అన్నేళ్లు విమానంలో తిరిగిన మనిషి, ముందు ఏముందో కళ్లతో చూసింది తక్కువ.

కొత్త రకం విమానాలు వచ్చాయి. వాటిలో పైలట్లే మైకులో విమానాశ్రయపు టవర్‌తో మాట్లాడుకుంటారు. పక్కకి తిరిగిన సీటు వాటిలో లేదు. సంస్థ రేడియో ఆఫీసర్లకి రెండు దారులు చూపించింది. నేల మీద ఏదో ఒక పని తీసుకోవచ్చు. లేదా ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు సొంతంగా పైలట్ లైసెన్సు తెచ్చుకుంటే, పైలట్‌గా తీసుకునే సంగతి ఆలోచిస్తారు. బావ సెలవు పెట్టి బేగంపేటలోని ఫ్లయింగ్ క్లబ్బులో చేరాడు.

అక్కకి అది నచ్చలేదు. "నలభై దగ్గరికొచ్చి నడక నేర్చుకుంటారా?" అంది.

"నడక కాదే, ఎగరడం."

"పోనీ అదైనా కుర్రాళ్లు నేర్చుకునే పని కదా!"

బావ నవ్వి ఊరుకున్నాడు. నేల మీద పని అనే మాట ఇంట్లో ఎవరు ఎత్తినా ఆయన ముఖం మూసుకుపోయేది. పదహారేళ్లు గాల్లో బతికినవాణ్ని టిక్కెట్ల కౌంటరు వెనక కూర్చోబెడితే ఎలా అని ఒకసారి నాతో అన్నాడు. అందుకే ఆ లైసెన్సు ఆయనకి ఎంత అవసరమో మాకందరికీ తెలుసు.

క్లబ్బులో నేర్పేది టైగర్ మాత్ అనే రెండంతస్తుల రెక్కల చిన్న విమానం మీద. నేను ఒక ఆదివారం వెళ్లి దాన్ని చుట్టూ తిరిగి చూశాను. అందులో ఏమున్నాయో చెప్పడం కంటే ఏం లేవో చెప్పడం తేలిక. పైకప్పు లేదు. రేడియో లేదు. బ్యాటరీ లేదు. బ్రేకులు లేవు. స్టార్టరు లేదు, ముందు నిలబడి పంకాని చేత్తో తిప్పాలి. ఇనప గొట్టాల, కర్రల చట్రానికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ బిగుసుకునేలా మందు పూస్తారు. పై రెక్కని కింది రెక్కకి తీగలతో కడతారు. ముందు సీటులో గురువు, వెనక సీటులో శిష్యుడు, ఇద్దరి మధ్యా మాటకి ఒక రబ్బరు గొట్టం. పెట్రోలు ఎంతుందో తెలియాలంటే తలెత్తి చూడాలి. పై రెక్క మధ్యలో ఉన్న ట్యాంకు మీద, గాజు గొట్టంలో ఒక పుల్ల తేలుతూ ఉంటుంది. పెట్రోలు తగ్గినకొద్దీ అది దిగుతుంది.

రేడియో లేని విమానానికి టవర్‌లోని మనిషి దీపంతో చెబుతాడు. పచ్చ అయితే దిగు, ఎరుపైతే ఆగు. దీనికి తోడు క్లబ్బు వాళ్లది ఒక కట్టుబాటు ఉండేది. ప్రయాణికుల విమానం వచ్చే వేళకి గాల్లో ఉన్న క్లబ్బు విమానం తూర్పుకి తప్పుకుని, నాచారం చెరువు మీద చుట్లు తిరుగుతూ ఉండాలి. పెద్దది దాటిపోయాక వెనక్కి రావాలి. అందువల్ల బావ నేర్చుకుంటున్న నెలలన్నీ మా ఇంటి మీదే గడిచాయి. నాచారంలో అందరికీ ఆ కట్టుబాటు తెలుసు. మామ చేలో పని ఆపి, పైకి చూసి, "చిన్నది ఆగింది, పెద్దది వస్తున్నట్టుంది," అనేవాడు. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ చూసేది. చూడనట్టే చూసేది.

ఒంటరిగా ఎగరడానికి బావకి అనుమతి వచ్చాక కొన్ని వారాలు గడిచాయి. మాఘమాసపు ఒక ఆదివారం పొద్దున ఆయన చెరువు మీదికి వచ్చాడు. జొన్న కోసేశారు, చేలో కొయ్యకాళ్లు మాత్రమే ఉన్నాయి. దక్షిణం నుంచి రావలసిన డకోటా కోసం ఆయన ఆగాడని మాకు అర్థమైంది. కాసేపటికి ఉప్పల్ వైపు నుంచి ఒక విమానం వచ్చింది. డకోటా శబ్దం బరువుగా, గుండెల్లో కొట్టుకున్నట్టు ఉంటుంది. దీనిది సన్నని ఈల. అది పైనుంచి బేగంపేట వైపు దాటిపోయింది.

బావ విమానం మాత్రం చుట్లు తిరుగుతూనే ఉంది.

"పెద్దది పోయింది గద అల్లుడా, సారు ఇంకా గిట్ల తిరుగుతుండేంది?" అన్నాడు మామ.

"మలుపులు ప్రాక్టీసు చేస్తున్నాడేమో."

"గానుగెద్దు లెక్క ఒక్క తీర్గనే తిరుగుతుండు. ప్రాక్టీసు అయితే జర అటూ ఇటూ పోడా?"

అక్క తడి బట్టని చేతిలోనే పట్టుకుని నిలబడింది. "దేనికోసమో చూస్తున్నారు," అంది.

ఇంకా చాలాసేపు తిరిగాడు. తర్వాత విమానం కొంచెం కిందికి దిగి, చేను పొడవునా ఒకసారి పోయింది. బావ పక్కకి వంగి నేలని చూడటం కనిపించింది. చేలో దిగబోతున్నాడని మామకి అర్థమైపోయింది. "బర్రెల్ని తోలుండ్రి!" అని అరుస్తూ పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. బావ చెరువు మీంచి తిరిగి, గాలికి ఎదురుగా వచ్చి, ఇంజను తగ్గించాడు. తీగల్లో గాలి ఊళ వేసింది. చక్రాలు జొన్నకొయ్యల్లో దిగి, ఒకసారి ఎగిరి, మళ్లీ దిగాయి. తోక కింద చక్రానికి బదులుండే దన్ను దుమ్ము గీసుకుంటూ పోయింది. చేను చివరి గట్టుకి ఇవతలే విమానం ఆగింది. ఎక్కడా ఒక తీగ కూడా తెగలేదు.

అక్క అందరికంటే వెనక వచ్చింది, దగ్గరికి మాత్రం అందరికంటే ముందు వెళ్లింది. బావ ఇంకా సీటులోనే ఉన్నాడు.

"గుమ్మం ముందే దిగారేం? బస్సు ఎక్కడం బరువైందా?" అంది. తడి బట్ట ఇంకా చేతిలోనే ఉంది.

"పెట్రోలు చాలదనిపించింది. ఊరి మీంచి పోవడం ఎందుకని," అన్నాడు బావ.

నేను సైకిలు మీద హబ్సిగూడ రోడ్డుకి వెళ్లి, అక్కడున్న ప్రభుత్వ పరిశోధనాలయం గేటు దగ్గర బతిమాలి క్లబ్బుకి ఫోన్ చేసి వచ్చాను. తిరిగి వచ్చేసరికి మామ గుంజలు పాతి, ఎడ్లకి కట్టే పగ్గాలతో రెక్కల్ని నేలకి కట్టేశాడు. గాలి వస్తే లేచిపోతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, కట్టకుండా వదలడం మాత్రం ఆయన వల్ల కాలేదు. మేకలకి గుడ్డ మీది మందు వాసన నచ్చినట్టుంది, నాకడానికి వచ్చాయి. అక్క కర్ర పట్టుకుని రెక్క చుట్టూ తిరుగుతోంది.

క్లబ్బు ఇన్‌స్ట్రక్టరు జీపులో వచ్చారు. వెంట ఒక మెకానిక్, రెండు పెట్రోలు డబ్బాలు. ఇన్‌స్ట్రక్టరు సైన్యంలో విమానాలు నడిపి వచ్చిన హైదరాబాదీ, పెద్దాయన.

"క్యా సాబ్, చేన్ల పార్కింగ్ చేసిన్రా?" అని నవ్వుతూ దిగి, విమానం చుట్టూ ఒక చుట్టు తిరిగారు. చక్రాల జాడ వెంట అటు చివరిదాకా నడిచి వచ్చారు. "మస్తు దించిన్రు. నేనైనా గింతకంటె మంచిగ దించలేను. ఇగ జెప్పుండ్రి. వాపస్ ఎందుకు రాలే?"

"పెద్ద విమానం దాటలేదని ఆగానండి."

"దాటింది గద! మీ నెత్తి మీదికెల్లే పోయింది."

"చూశాను. అది వేరేది అనుకున్నాను. నేను డకోటా కోసం చూస్తున్నాను."

ఇన్‌స్ట్రక్టరు నెమ్మదిగా అన్నారు. "గా సర్వీసుకు డకోటా తీసేసిన్రు సాబ్. ఈ పొద్దుటి నుంచే. ఇగ కొత్తదే వస్తది. మీ ఆఫీసుల బోర్డు మీద పెట్టిన్రు గద."

"ఆ బోర్డున్న గదిలోకి వెళ్లడం మానేశానండి. డ్యూటీ చార్టులో పేరు లేనివాడికి అక్కడేం పని?"

మామ మేకని అదిలించాడు.

ఇన్‌స్ట్రక్టరు బావ భుజం మీద చెయ్యి వేశారు. "ఫికర్ జెయ్యకుండ్రి. ముందు జాగ్రత్తతోని దిగిండు, మంచిగ దిగిండు అని రాస్త. వచ్చే ఐతారం రాండ్రి. రెండు చుట్లు నాతోని, తర్వాత ఒక్కలే. గడువు లోపట లైసెన్సు అయితది. నాది పూచీ."

మెకానిక్ పెట్రోలు పోశాక, చేను చిన్నది కాబట్టి బరువు తక్కువ ఉండాలని ఆయన ఒక్కరే ఎక్కారు. పంకా తిప్పింది బావ. మొదటిసారి ఇంజను అందుకోలేదు, రెండోసారి అందుకుంది. విమానం కొయ్యల మీద ఎగిరెగిరి పడుతూ పోయి, గట్టు మీంచి లేచి, చెరువు మీద ఒక పక్కకి ఒరిగి బేగంపేట వైపు తిరిగింది. బావ చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు. జీపులో రమ్మని మెకానిక్ అడిగితే వద్దన్నాడు.

సాయంత్రం టీ తాగుతూ చెప్పాడు. "నేను ఇంక వెళ్లను."

నేను కప్పు కింద పెట్టాను. అక్క ఆశ్చర్యపోయింది. నెలల తరబడి వద్దన్న మనిషే, "అదేంటి? ఆయన పూచీ అన్నారు కదా. నా గురించైతే మానకండి. నా గోల ఎప్పుడూ ఉండేదే," అంది.

"నీ గురించి కాదు."

"మరి? దిగడం బాగానే దిగారట కదా."

"దిగడం గురించీ కాదు. ఇంజను ఆగిపోతే నేను భయపడను. అది ఎవరికైనా ఆగుతుంది. కానీ ఒక విమానం, అంత పెద్దది, నా కళ్ల ముందు నుంచి పోయింది. చూశాను కూడా. అయినా నా లెక్కలో అది రాలేదు. నేను ఎదురుచూసేది వచ్చేదాకా ఇంకేం వచ్చినా నాకు రానట్టే. అలాంటివాడి వెనక నలభైమందిని కూర్చోబెట్టకూడదు."

నేను సర్దిచెప్పబోయాను. మీకు కబురు తెలియకపోవడం వల్లే ఇలా జరిగింది, తెలిసుంటే జరిగేది కాదు, ఒక్కసారి జరిగినదాన్ని బట్టి మనిషిని తూచకూడదు, ఇలా వరసగా ఎన్నో చెప్పాను. అన్నీ విన్నాడు. "నువ్వు చెప్పినవన్నీ నిజమేరా. గాల్లో ఉన్నప్పుడు అవేవీ గుర్తుకు రావు," అన్నాడు. ఆ తర్వాత అక్క గానీ నేను గానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున నేల మీది పనికి ఒప్పుకుంటూ కాగితం ఇచ్చి వచ్చాడు.

ఆ కొన్ని రోజులూ ఇల్లు బరువుగా ఉండేది. బావ అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయేవాడు. పైన చిన్న విమానం చప్పుడైతే అక్క గబగబా ఏదో ఒకటి మాట్లాడేది. మామ ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, "నేను దొరలకాడ జీతగానిగ ఉన్న. తర్వాత సొంత ఎవుసం జేసిన. ఇప్పుడు భూములన్ని ఫ్యాక్టరీలకు పోతుంటే చూస్తున్న. ఏదన్న పొయ్యేటప్పుడు కడుపుల కలుక్కుమంటది సారూ. అన్నం మాత్రం తినాలె," అని, తెచ్చిన జొన్నరొట్టెలు అక్క చేతికిచ్చి వెళ్లిపోయాడు.

సంస్థ ఆయన్ని కౌంటరు వెనక కూర్చోబెట్టలేదు. కొత్త పైలట్లకి టవర్‌తో ఎలా మాట్లాడాలో నేర్పే క్లాసు అప్పగించింది. వాళ్లొచ్చి తన పని తీసుకున్నారు, ఆ పని చెయ్యడం వాళ్లకి తనే నేర్పాలి. ఇందులో ఉన్న ఎగతాళి ఆయనకి తెలియక కాదు. అయినా మొదటి క్లాసుకి వారం ముందు నుంచీ ఇంట్లో సాధన చేశాడు. ఆయన టవరు. అక్క విమానం. నేను ఇంకో విమానం, ఎప్పుడూ వరసలో రెండోదాన్ని.

అక్క వంటింట్లోంచే పలికేది. తన నంబరు, ఎత్తు, ఎక్కడుందో చెప్పాలి. బావ జవాబిస్తే దాన్ని తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పేదాకా ఆయన వదలడు.

"మళ్లీ చెప్పు. ఎత్తు చెప్పలేదు నువ్వు."

"చెప్పాను. మీరు వినలేదు."

"వినకపోతే చెప్పనట్టే. మళ్లీ."

అక్క మళ్లీ చెప్పింది, ఈసారి అన్నీ వరసలో, తడుముకోకుండా. బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఈసారి వినడంతో ఊరుకోలేదు, గుమ్మంలోంచి ఆవిడ వైపే చూస్తున్నాడు.

"దిగవచ్చు," అన్నాడు.

"అమ్మయ్య," అంది అక్క, గిన్నె పొయ్యి మీంచి దించుతూ. "ఇంకో నిమిషమైతే పప్పు అడుగంటేది."

"అలా అనకూడదు. ముందు నేను చెప్పింది తిరిగి అప్పజెప్పాలి."

అక్క అప్పజెప్పింది. నేను నా వంతు కోసం పీట మీద కూర్చుని ఉన్నాను. అప్పుడు బావ నా వైపు తిరిగి, నా నంబరు పిలిచాడు.