నాగపూర్ చూసి వచ్చాం

నాగపూర్ పోదామా అని నా దోస్తు అడిగినప్పుడు వెనకా ముందూ చూడకుండా సరేనన్నాను. అప్పటికి నాకు ముప్పై దగ్గర పడుతున్నాయి. ఇచ్చోడలో ఎరువుల దుకాణంలో పని. పత్తికి ఏ మందు కొట్టాలో రైతులకు చెప్పడం, లారీ వస్తే బస్తాలు దింపించడం, ఇంతే నా లోకం. మా దుకాణానికి నాలుగు షట్టర్ల అవతల అతను మోటార్లు చుట్టేవాడు. కాలిపోయిన బోరు మోటారు విప్పి, పాత రాగితీగ లాగేసి కొత్తది చుట్టే పని. పొద్దంతా తల వంచుకునే ఉంటాడు. మాటలు తక్కువ.

"రెండు దినాలు పోయొద్దాం. శనివారం పోతే ఐతారం పొద్దుమూకే వరకు తిరిగొస్తం," అన్నాడు.

"గిప్పుడెందుకు యాదికొచ్చింది నాగపూర్?"

"నువ్వు జూడలేదంటివి గదా."

ఎన్నడూ ఎక్కడికీ పోదామని అన్నవాడు కాదు. నాకు సంతోషమే అయింది. కొత్త అంగీ వేసుకున్నాను. ఆదిలాబాద్‌లో బస్సు మారి పెన్‌గంగ వంతెన దాటాక బోర్డుల మీద మరాఠీ అక్షరాలు మొదలయ్యాయి. నేను కిటికీలోంచి తల తిప్పలేదు. అతను దారంతా నిద్రపోయినట్టు కళ్లు మూసుకున్నాడు కానీ నిద్రపోలేదు. రెప్పలు కదులుతూనే ఉన్నాయి.

రైల్వే స్టేషన్ ఎదురుగా గది తీసుకుందామని పట్టుబట్టాడు. చప్పుడు ఎక్కువ, చెరువు వైపు పోదామంటే వినలేదు. సంచులు పడేసి, బండి మీద ఎర్రటి పులుసు పోసిన అటుకులు తిని, జీరో మైలు రాయి చూడటానికి పోయాం. రాతి స్తంభం, దాని పక్కన రాతి గుర్రాలు. దేశానికి ఇదే నట్టనడుమ అని ఎవరో చెబుతుంటే విన్నాను. ఫోటో తీయమని అతని చేతికి ఫోన్ ఇచ్చాను. గదికి వచ్చాక చూసుకుంటే ఒక్కదానిలోనూ నా తల పూర్తిగా లేదు. తీసేటప్పుడు అతని చూపు అవతల ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్ల మీద ఉంది.

స్టేషన్ దగ్గర గుట్ట మీది వినాయకుడి గుడికి పోయాం. నేను లోపలికి పోయి దండం పెట్టుకుని వచ్చేసరికి అతను గేటు దగ్గర బిచ్చగాళ్ల వరుస ముందు నిలబడి ఉన్నాడు. ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు.

"ఏం జేస్తున్నవ్ రా?" అన్నాను.

"ఏం లే. పా," అన్నాడు.

నాకు చిరాకు మొదలైంది. చూడటానికి వచ్చి ఏదీ చూడడేమిటి? దీక్షాభూమి దగ్గర అంత పెద్ద తెల్లటి గుమ్మటం ముందు కూడా అతను దాన్ని కాక మనుషులనే చూశాడు. సాయంత్రం దర్గాకు పోదామని తనే అన్నాడు. అక్కడ ఇల్లూ వాకిలీ లేనివాళ్లు, మతి చెడినవాళ్లు చాలామంది ఉంటారని బస్సులో ఎవరో అంటే విన్నాడట. గోడ వారన ఒక మనిషి ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. నా దోస్తు వంగి ఆ దుప్పటి మొహం మీది నుంచి ఎత్తాడు. పడుకున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి ఉర్దూలో తిట్టడం మొదలుపెట్టాడు. నేను చేతులు జోడించి, నా దోస్తును రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"అన్నను ఎంకులాడుతున్న," అన్నాడు రోడ్డు మీదికి వచ్చాక. "మా ఊరి లారీ డ్రైవర్ ఈ టేషన్ కాడ జూసిన అన్నడు. గాయననో కాదో పక్కాగ ఎర్కలేదన్నడు."

వాళ్ల అన్న సంగతి నాకు తెలుసు. నాకే కాదు, బోథ్ పక్కన వాళ్ల ఊళ్లో అందరికీ తెలుసు. అప్పటికి నాలుగేళ్ల కింద నా దోస్తు పెళ్లిలో, బంతి మీద అందరూ తింటుండగా, అన్న తాగి వచ్చి పెళ్లికూతురి తండ్రిని ఏదో అన్నాడు. పెళ్లిబట్టల్లోనే నా దోస్తు లేచి వచ్చి అన్న చెంప మీద కొట్టాడు. అన్న ఇతని కంటే ఎనిమిదేళ్లు పెద్ద. తండ్రి పోయాక ఎడ్లు కట్టి, పత్తి పండించి ఇతన్ని ఐటీఐ చదివించినవాడు. అన్న చెంప తడుముకుంటూ పందిట్లోంచి బయటికి నడిచాడు. తెల్లారేసరికి ఊళ్లో లేడు. పెళ్లాం పిల్లలు లేరు కనుక వెతికే భారమంతా అవ్వ అని పిలిచే తల్లి మీద, తమ్ముడి మీద పడింది.

"మరి నాకు ముందుగాల ఎందుకు జెప్పలే?"

"జెప్తే నువ్వు ఇంటికాడ అంటవ్. గది అవ్వ చెవుల పడ్తది. దొరుకకపోతే ఆమె మళ్ల పరేషాన్ అయితది."

కొత్త అంగీ వేసుకుని ఫోటోలు దిగినందుకు నాకు సిగ్గనిపించింది. అతని మీద కోపం కూడా వచ్చింది, అబద్ధం చెప్పి తీసుకొచ్చాడని. ఆ రెండూ కలిసి ఆ పూట నేను అతనితో సరిగా మాట్లాడలేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే బాధపడతాను.

ఆదివారం పొద్దున ఫోన్‌లో అన్న ఫోటో పెట్టుకుని స్టేషన్ బయట ఒక్కో బండి దగ్గరికీ పోయాం. అతనికి మరాఠీ బాగా వచ్చు, అడిగేది అతనే. పది మంది తల అడ్డంగా ఊపారు. పార్సిళ్లు దింపే గేటు పక్కన చాయ్ అమ్మే ఒకాయన మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మా మాట విని తెలుగులోకి దిగాడు. సిరొంచ వైపు మనిషట.

"ఎడమ చెవు చీలి ఉంటదా?" అన్నాడు.

చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలి అన్న చెవి తమ్మె చీలింది. ఆ ఫోటోలో చెవి కనపడదు. నా దోస్తు తల ఊపాడు.

"ఈడనే ఉండె. నా గ్లాసులు కడుగుతుండె. తాగుడు బందు జేసిండు, మంచిగనే ఉండె." చాయ్ ఆయన ఆగి మా ఇద్దరినీ చూశాడు. "మీరు ఏమైతరు?"

"తమ్ముణ్ణి."

ఆయన పొయ్యి మంట తగ్గించి బండి చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. అప్పుడే నాకు అర్థమైంది.

"పోయిన వానకాలంల జొరమొచ్చింది బిడ్డా. నాలుగు దినాలు గా షెడ్డు కిందనే పండుకుండు. దవఖానకు పోదాం పా అంటే రాలే. అయిదో దినం లేవలే. నేనే పోలీసులకు జెప్పిన. ఊరు అడుగుతే ఎన్నడు జెప్పలే, ఏం రాయించాల్నో నాకు ఎర్కలేదు."

నా దోస్తు అడిగిన మాట ఒక్కటే. "ఇంటి ముచ్చట ఏమన్న జెప్పిండా?"

"ఒక్కసారి అన్నడు. నాకొక తమ్ముడున్నడు, మోటార్లు మంచిగ జేస్తడు అని. గంతే."

పోలీస్ స్టేషన్‌కు చాయ్ ఆయనే తోడు వచ్చాడు. అక్కడి హెడ్ కానిస్టేబుల్, వాళ్లు జమేదారు అంటారు, మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లు ఇప్పించి, లావుపాటి ఫైలు తీశాడు. అందులో అన్నీ గుర్తు తెలియనివాళ్ల ఫోటోలు. పేజీలు తిప్పుతుంటే నేను రెండింటి తర్వాత గోడ వైపు చూశాను. అతను అన్నీ చూశాడు. ఒక దగ్గర వేలు ఆనించాడు. నేనూ చూడక తప్పలేదు. మొహం ఉబ్బి ఉంది. ఫోటో కోసం కాబోలు, ఎవరో తల తడిపి దువ్వారు.

"ఈయననే," అన్నాడు తెలుగులో. తర్వాత మరాఠీలో చెప్పాడు.

కొన్నాళ్లు శవాగారంలో ఉంచామని, ఎవరూ రాకపోతే మున్సిపాలిటీ వాళ్లు పూడ్చారని జమేదారు చెప్పాడు. ఆధార్ కాగితాలతో పనిదినాన వస్తే మరణ ధ్రువపత్రం ఇప్పిస్తానన్నాడు. వస్తానని నా దోస్తు తల ఊపాడు. ఆ తర్వాత ఎన్నడూ పోలేదు.

శ్మశానంలో కాపలా మనిషి మమ్మల్ని గోడ చివరకు తీసుకుపోయి ఒక వరుస చూపించాడు. అందులో ఏడు దిబ్బలు ఉన్నాయి. వాటి పక్కన పాతిన రేకుల మీది అంకెలు వానకు చెరిగిపోయాయి. అన్న దిబ్బ ఏదని అడిగితే, "ఈ వరుసలోనే," అన్నాడు. నా దోస్తు చేతిలో తాగే నీళ్ల సీసా ఉంది. మొదటి దిబ్బ మీద కొంచెం పోశాడు, తర్వాత దాని పక్కది. నాలుగో దాని దగ్గర నీళ్లు అయిపోయాయి. గేటు దగ్గర నల్లా దాకా పోయి నింపుకుని వచ్చి మిగిలిన మూడింటి మీద పోశాడు. ఏడవలేదు. నేను ఏడిస్తే నా భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్చాల్సినవాణ్ణి నేను.

తిరుగు ప్రయాణంలో పెన్‌గంగ దాటాక నోరు తెరిచాడు.

"అవ్వకు జెప్పకు."

"ఎట్ల రా? తల్లి గదా."

"నాలుగేండ్ల సంది నన్ను ఒక్క మాట అనలే ఆమె. నా చేతి బువ్వ తింటుంది, నాతోని మాట్లాడుతుంది. కొడుకు వస్తడని ఆశ ఉంది గనక ఊకుంది. గిది జెప్తే ఇగ నా మొఖం జూడది."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఉండాల్సిందేమో ఇప్పటికీ తెలియదు.

ఆ వారం అంగడి రోజున వాళ్ల అవ్వ మా దుకాణం ముందు ఆగింది. కూరగాయల సంచి కింద పెట్టి, "నాగపూర్ల ఏమేం జూసిండ్రు కొడుకా?" అని అడిగింది. జీరో మైలు రాయి, రాతి గుర్రాలు, గుట్ట మీది గుడి, తెల్ల గుమ్మటం, అన్నీ వరసగా చెప్పాను. నా గొంతు నాకే పాఠం ఒప్పజెప్పే పిల్లవాడి గొంతులా వినిపించింది. ఆమె చివరిదాకా విని, "మస్తు మంది ఉంటరా గాడ?" అంది.

"మస్తు మంది అవ్వా."

"గంత మందిల మనోళ్లు ఉన్నా కండ్లవడరు," అని సంచి ఎత్తుకుని పోయింది.

నెల తర్వాత నా దోస్తు బాసర పోయి గోదావరిలో మునిగి గుండు చేయించుకుని వచ్చాడు. బిడ్డ పుడితే మొక్కు అని ఇంట్లో చెప్పాడు. బిడ్డ నిజంగానే పుట్టింది కనుక ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఇద్దరి మధ్య రాకపోకలు తగ్గాయి. నాలుగు షట్టర్ల దూరమే అయినా చాయ్‌కి నేను అటు పోవడం మానేశాను, అతనూ ఇటు రావడం మానేశాడు. ఒకరి మొహం ఒకరు చూస్తే ఆ ఫైలు కళ్ల ముందుకు వచ్చేది. రెండేళ్లకు నాకు కరీంనగర్‌లో విత్తనాల గోదాములో పని దొరికింది. వచ్చేశాను.

మొన్న పనిమీద ఇచ్చోడ పోయినప్పుడు అతని షాపు దగ్గర నిలబడ్డాను. జుట్టు నెరిసింది. మోటారు విప్పుతూనే కూర్చోమన్నాడు.

"అవ్వకు జెప్పినవా?"

"జెప్పలే."

"అడుగుతుందా?"

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "యాడాది సంది అన్న ముచ్చట ఎత్తుతలేదు. బజార్ల ఎవలన్న అడిగినా లోపటికి వోతుంది. గామెకు ఎర్కయిందో, ఆశ ఇడిచిందో సమజైతలేదు. అడుగుదామంటే నాకు నోరు వస్తలేదు."

రైతు ఎవరో ట్రాలీలో ఇంకో మోటారు వేసుకుని వచ్చాడు. ఇద్దరం చెరో వైపు పట్టి దాన్ని కిందికి దింపాం.