శుభలేఖ మీద వంశముద్ర

మాకిప్పుడు భూముల్లేవు గానీ పెట్టెడు ఉత్తరాలున్నాయి. బాపట్లలో చదువుకునే మా తాతగారికి రేపల్లె నుంచి ముత్తాతగారు రాసినవి. ప్రతి ఉత్తరం చివరా కోడిగుడ్డు ఆకారంలో నల్లటి ముద్ర ఒకటి ఉంటుంది. అది మా వంశముద్రేనని తేల్చుకుని, నిరుడు అమ్మాయి పెళ్లి శుభలేఖల మీద పెద్దదిగా, బంగారు రంగులో అచ్చు వేయించాను. తెనాలంతా పంచాను.

మా పూర్వీకుల ఊరు చూపించాలని కాబోయే వియ్యంకుడిగారిని వెంటబెట్టుకుని, చివరి శుభలేఖ ఇవ్వడానికి రేపల్లె వెళ్లాను. ఒకప్పటి కరణంగారి కూతురు, తొంభై ఏళ్ల మామ్మగారు, దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసి పకపకా నవ్వారు.

"ఇదేంటి నాయనా, మీ ముత్తాత వేలిముద్ర ఇంత లావున వేయించావు?"

"వేలిముద్రేంటండీ? ఆయన ఎన్నో ఉత్తరాలు రాశారు!"

"ఆయన చెప్పేవాడు, మా నాన్న రాసేవాడు. పాపం, ఆయనకి సంతకం కూడా వచ్చేది కాదు."

మామ్మగారికి దణ్ణం పెట్టి గబగబా లేచాను. వియ్యంకుడుగారు గేటు దాటేదాకా ఎలాగో నవ్వాపుకున్నారు.

"మా ముత్తాతా వేలిముద్రేలెండి బావగారూ. కాకపోతే మేం అచ్చేయించలేదు."

పంచిన శుభలేఖలు వెనక్కి అడగలేను గదా. పెళ్లిలో ఆ ముద్ర ఏంటని అడిగిన వాళ్లందరికీ నడుము నిటారుగా నిలబెట్టి నిజమే చెప్పాను.

"మా ముత్తాతగారి వేలండి. మా అమ్మాయి పెళ్లికి స్వయంగా ఆయనే పిలిచారు."