కంబదూరు పెద్దాయన కాలెత్తలేదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి అన్నీ తెలుసన్న ధీమా ఉంటుంది, సాయంత్రమైతే ఏడుపూ వస్తుంది. ఎనభైల మొదట్లో, పక్షవాతం రోగులకు వ్యాయామాలు చేయించే పనికి కోస్తా నుంచి అనంతపురం ఆసుపత్రికి ఒంటరి ఆడపిల్లగా వచ్చిపడ్డ నాకు ఈ రెండూ బాగా ముదిరి ఉండేవి. అద్దె గది తాళం తీస్తే కిటికీలోంచి వచ్చిన ఎర్ర దుమ్ము తప్ప పలకరించే దిక్కు లేదు. ఆదివారమంటే భయం (సెలవు కదా, మాట్లాడటానికి రోగులైనా దొరకరు).

అప్పుడే మా పెద్ద డాక్టరుగారు, పడిపోయిన కాలు ఎంత కదులుతుందో కొలిచే ఒక ఇంగ్లీషు పరీక్షను నాచేత తెలుగులోకి రాయించారు. తెలుగులోనూ అది సరిగ్గా కొలుస్తుందో లేదో తేల్చాలి. అందుకని నేనూ, వార్డు సిస్టరమ్మా ఒకే రోగిని విడివిడిగా పరీక్షించి, మార్కులు పోల్చి చూసుకోవాలి. మొదట దొరికినవాడు కంబదూరు దగ్గర చెనిక్కాయలు (మావైపు వేరుశనగ అంటాం) పండించే పెద్దాయన. కుడిపక్క పడిపోయింది. భార్య పోయి చాలాకాలమైంది, తోడుగా బామ్మర్ది వచ్చాడు. "మీ పాదంతో నా అరచేతిని నెట్టండి" అని నేను రాసిన తెలుగును గర్వంగా చదివాను. ఆయన కళ్ళు మూసుకుని కట్టెలా పడుకున్నాడు. సున్నా వేశాను. సిస్టరమ్మా సున్నాయే వేసింది. ఇద్దరి మార్కులూ అంత చక్కగా కలిశాయని నేను పొంగిపోయి డాక్టరుగారికి చూపించాను. బొత్తిగా కదలిక లేనివాడికి మంచం ఎందుకు, పొద్దున్నే ఇంటికి పంపించెయ్యమన్నారాయన. వ్యాయామం ఆగితే ఆ మనిషి ఇక లేవడు. పైగా ఆ ఊరు మొత్తమ్మీద నన్ను అన్నం తిన్నావా అని అడిగేది ఆయనొక్కడే.

మర్నాడు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. కబురు అప్పటికే వార్డంతా పాకినట్టుంది, బామ్మర్ది మంచం చివర కూర్చుని మూట కడుతూ, ఇంక నీకు మా అక్క చీర కట్టి పొయ్యి దగ్గర కూర్చోబెడతానని ఆటపట్టిస్తున్నాడు. పెద్దాయన, పడిపోయిందన్న ఆ కాలితోనే, అతని నడుం మీద ఒక్క తన్ను తన్నాడు. నేను పరుగున వెళ్ళి, నిన్న ఎందుకు కదపలేదని నిలదీశాను.

"ఆడబిడ్డవి, మందిచ్చే చెయ్యి నీది. దానికి కాలు తగిలించి నేను యాడికి పోవల్ల తల్లీ? ఇంటికి పంపిస్తే పంపించు" అన్నాడు నెమ్మదిగా.

"నన్నైతే తన్నొచ్చు మేడమ్. మా అక్కను చేసుకున్నప్పట్నుంచీ తంతానే ఉండాడు" అన్నాడు బామ్మర్ది.

ఆ పూటే బామ్మర్ది అరచెయ్యి పెట్టించి మళ్ళీ పరీక్షించాం. ఈసారీ మా మార్కులు కలిశాయి, సున్నాలు మాత్రం కావు. కాగితంలో 'పరీక్షించేవారి అరచేయి' కొట్టేసి 'బావమరిది వంటివారి అరచేయి' అని రాశాను (డాక్టరుగారు దాని చుట్టూ ఎర్రసిరాతో గీత గీశారు గానీ కొట్టెయ్యలేదు). మంచం నిలిచింది.

కొన్నాళ్ళకు చేతికర్రతో నడిచి ఇంటికి బయల్దేరాడు. సాగనంపడానికి బస్టాండు దాకా వెళ్ళాను. బస్సెక్కి కిటికీలోంచి, "ఒక్కదానివే ఈడేం చేస్తావు, రేపు ఆదివారమే కదా, మాతో రా" అన్నాడు. పని ఉందని అబద్ధమాడాను. బస్సు కనుమరుగయ్యాక ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. అప్పటి నేనైన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉండింది కదే, పిచ్చిమొహమా.