రోగి సొంత మాటల్లో

కట్టుడు పళ్ళకు వాడే గులాబీ రంగు మైనాన్ని స్పిరిట్ దీపం మీద మెత్తబరిచేటప్పుడు ఒక వాసన వస్తుంది. అగరుబత్తికీ, కాలిన ప్లాస్టిక్ బకెట్టుకీ పెళ్ళి చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తాడేపల్లిగూడెంలోని నా చిన్న క్లినిక్‌లో వారానికి ఒకటి రెండుసార్లు ఆ వాసన లేస్తుంది. అది లేచినప్పుడల్లా నేనూ లేచి నిలబడబోతాను, ఎస్తేరు మేడమ్ గదిలోకి వచ్చారనుకుని. ఆవిడ పోయి రెండేళ్ళయింది. నా మోకాళ్ళకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఏలూరులో నేను పళ్ళ వైద్యం చదివే రోజుల్లో కట్టుడు పళ్ళ విభాగం ఆవిడ చేతిలో ఉండేది. గుండుగొలను మనిషి. వాళ్ళ తాతగారు మిషన్ బడిలో పంతులట. ఆయన బెత్తం వారసత్వంగా ఈవిడ గొంతులోకి వచ్చి చేరిందని మా అనుమానం. ముసలివాళ్ళంటే ఆవిడకు ప్రేమ ఉండేదో లేదో నాకిప్పటికీ తేలలేదు. ఆలస్యంగా వస్తే మమ్మల్ని కసిరినట్టే వాళ్ళనీ కసిరేవారు. వాళ్ళేమో వచ్చే వారం ఆవిడ కోసం జామకాయలు పట్టుకొచ్చేవారు. పళ్ళు లేనివాళ్ళు పళ్ళ డాక్టరుకి కాయలు తేవడమేమిటో కూడా నాకు అర్థమయ్యేది కాదు.

ఫైనలియర్‌లో మేము కట్టుడు పళ్ళ సెట్లు ఇన్నని పూర్తి చేసి చూపించాలి. ప్రాక్టికల్ పరీక్షనాడు మేము పళ్ళు కట్టిన మనిషిని వెంటబెట్టుకుని రావాలి. అందుకని బస్సులోనైనా పెళ్ళిలోనైనా పెద్దవాళ్ళెవరైనా నవ్వితే ముందు నోట్లోకి తొంగి చూసేవాళ్ళం. బోసినోరు కనబడితే చాలు, మా ముఖాలు వెలిగిపోయేవి. వృద్ధుల పట్ల మీ వైఖరి ఏమిటని అప్పుడెవరైనా అడిగితే, అపారమైన ఆదరణ అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పి ఉండేవాణ్ణి. ఆ ఆదరణ చిగుళ్ళ దగ్గరే ఆగిపోయిందని అప్పటికి తెలియదు.

వీరమ్మగారు నాకు కొల్లేరు లంకల్లో ఒక ఊరి వైద్య శిబిరంలో దొరికారు. డెబ్బై దాటిన మనిషి, ఎండు చేపలు అమ్మి పిల్లల్ని పెంచారు. నోట్లో ఒక్క పన్నూ లేదు. పళ్ళు కడతాను, నేనే తీసుకెళ్ళి తీసుకొస్తాను, నాకు పరీక్ష ఉంది అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పరీక్షా? అయ్యో పాపం. వస్తాన్లే బాబూ" అన్నారు. ఆ 'పాపం' ఎవరి గురించో ఆలోచించే తీరిక నాకు లేదు. అప్పటికే ఒకసారి పరీక్ష తప్పి ఉన్నాను. నాతో చేరినవాళ్ళంతా సొంత క్లినిక్కులకు బోర్డులు కట్టుకుని కూర్చున్నారు.

మొదటిరోజు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, గొంతులో తేనె పోసుకుని "మామ్మగారూ, నోరు తెరవండి" అన్నాను. వెనక నుంచి మేడమ్ గొంతు.

"ఏవయ్యా, ఆవిడ మీ నాన్నగారిని కన్నారా?"

"లేదు మేడమ్."

"మరి పేరు లేదా ఆవిడకి?"

వెంటనే "వీరమ్మగారూ" అన్నాను. వీరమ్మగారు తెరిచిన నోరు మూసేశారు. "ఇందాకా మామ్మా అన్నారు కదా బాబూ. నేనేం తప్పు చేశానండీ?"

అప్పటినుంచి ఏ పేరూ పెట్టి పిలవకుండా "ఏవండీ", "ఇదిగోనండీ" అని నెట్టుకొచ్చాను. కొత్త పెళ్ళికూతురిలా ఉన్నావురా అని పక్క కుర్చీలవాళ్ళు నవ్వేవారు.

అయిదుసార్లు తిరిగాక పళ్ళు తయారయ్యాయి. నా జన్మలో అంత చక్కగా నేనేమీ చేయలేదు. వారం తరవాత వీరమ్మగారు చూపించుకోవడానికి వచ్చేసరికి మాత్రం నోరు మళ్ళీ బోసిగానే ఉంది. సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీశారు.

"ఇవిగోనండి, భద్రంగా ఉన్నాయి."

"తినేటప్పుడు పెట్టుకోవట్లేదా అమ్మా?" అని మేడమ్ అడిగారు.

"పెట్టుకుంటే అంగిలి మూసుకుపోతందండి. చేప ముల్లెక్కడుందో నాలిక్కి తెలీట్లేదు. మొన్న గొంతులో గుచ్చుకుంటే మా మనవరాలు అరటిపండు మింగించింది. చిగుళ్ళతో అయితే నాకే ఇబ్బందీ లేదండి. ఎన్నేళ్ళబట్టో అలాగే తింటన్నాను."

"మరెందుకు కట్టించుకున్నారు?"

వీరమ్మగారు నావైపు చూశారు, నన్ను పట్టించేస్తున్నానేమో అన్నట్టు. "ఈ బాబు పరీక్ష ఉందన్నాడు కదండీ."

మేడమ్ నా కేసు కాగితం తీశారు. అందులో మొదటి గడి, రోగి ఏ బాధతో వచ్చారో వాళ్ళ సొంత మాటల్లో రాయాలి. 'పళ్ళు లేక నమలలేకపోతున్నాను' అని ఉంది అందులో. అది నేను ఎవర్నీ అడిగి రాసింది కాదు. సీనియర్ల కాగితాల్లోంచి మేమంతా దించుకునే వాక్యం. మా పుణ్యమా అని ఏలూరు నుంచి ఉండి ఊరి దాకా ముసలివాళ్ళందరూ ఒకే మాట మాట్లాడేవారు. మేడమ్ దాన్ని కొట్టేసి కాగితం నాముందుకు జరిపారు.

"ఆవిడేమన్నారో అది రాయి."

"మేడమ్, ఎగ్జామినర్ చూస్తే ఫెయిల్ చేస్తారు."

"చెయ్యొచ్చు."

"పోనీ ఇంకో పేషెంటుని చూసుకోనా?"

"పది రోజుల్లోనా? నీ ఇష్టం. అబద్ధం మీద మాత్రం నేను సంతకం పెట్టను."

రాశాను. 'ఈ బాబు పరీక్ష ఉందన్నాడు. అందుకని వచ్చాను.' మేడమ్ కింద సంతకం పెట్టారు.

పరీక్షనాడు వీరమ్మగారు మొదటి బస్సుకే దిగారు. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, నోటినిండా పళ్ళతో. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా కాగితం చేతిలోకి తీసుకుంటూ, "చేప తినగలుగుతున్నారా అమ్మా?" అన్నారు.

"ముల్లుతో సహా నవిలేస్తన్నానండి! ఈ బాబు చెయ్యి మంచిదండి."

అప్పుడాయన కాగితం చదివారు. ఆవిణ్ణి చూశారు. నన్ను చూశారు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఇది నువ్వే రాశావా? ఆవిడ మాటలేనా?"

"అవును సార్" అన్నాను. ఆయన కాగితం తిరిగిచ్చారు. అత్తెసరు మార్కులతో పాసయ్యాను. కాగితంలోని నిజానికి వేశారో, ఆవిడ చెప్పిన అబద్ధానికి వేశారో తెలియదు.

వరండాలో మేడమ్‌ని ఆపి అడిగేశాను. "నా చేత నిజం రాయించారు. ఆవిడ అబద్ధం చెబుతుంటే ఊరుకున్నారేంటి మేడమ్?"

"నీకైతే పాఠం చెప్పగలను. ఆవిడకి చెప్పడానికి నేనెవర్నయ్యా?" అని రెండడుగులు వేసి ఆగారు. "వెళ్ళి ఆవిడకి కాఫీ ఇప్పించు. పళ్ళు తీసేసి తాగమను. ఎడం పక్క ఒరుసుకుంటున్నట్టుంది."

క్యాంటీన్‌లో వీరమ్మగారు పళ్ళు తీశారు. కింది చిగురు మీద ఎడంవైపు ఎర్రటి పుండు. ఆ నోట్లోకి అంతమంది తొంగి చూశాం, నేనూ ఎగ్జామినరూ సహా. కిటికీవైపు చూస్తున్న మనిషికి ఎలా కనబడింది? "పర్లేదు బాబూ, ఒక పూటేగా" అంటూ ఆవిడ కాఫీ ఊదుకుంటున్నారు. అప్పుడు గొంతులో తేనె లేకుండా, ఆలోచన లేకుండా "మామ్మా" అన్నాను. ఏమిటన్నట్టు చూశారు. ఏమీ లేదన్నాను.

ఎవరు ఎవరికి వైద్యం చేశారో అప్పటినుంచి లెక్క తేలడం లేదు. పెద్దవాళ్ళ పట్ల నాకు ఓర్పు వచ్చిందని చెప్పుకోలేను. ఇప్పటికీ వాళ్ళు చెప్పిందే చెబుతుంటే గడియారం వైపు చూస్తాను. కాకపోతే వాళ్ళను అడగకుండా, వెంట వచ్చినవాళ్ళ మాట విని ఏదీ మొదలుపెట్టలేను. అది దయో, మేడమ్ అంటే ఉన్న భయమో తెలియదు.

నిన్న మధ్యాహ్నం ఒకాయన తన మేనమామను తీసుకొచ్చి, "మావయ్యకి పళ్ళు కట్టేయండి డాక్టరుగారూ" అని చెప్పి ఫోను మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళాడు. నేను పెద్దాయన ఎదురుగా కుర్చీ లాక్కుని, "మీకేం కావాలండీ?" అన్నాను. ఆయన తల వంచుకుని చెప్పులు చూసుకుంటున్నారు. బయట ముగ్గురు కాచుకుని ఉన్నారు. గడియారం వైపు చూడకుండా కూర్చున్నాను. చివరికి ఆయన తల పైకెత్తారు.

"బయట ఎండ మండిపోతందండి. కాసేపు ఇక్కడ కూర్చుని పోతాను."

ఇంకేదైనా అంటారేమోనని చూశాను. లేచి ఫ్యాను ఒక నంబరు పెంచాను.