మేత కర్రలు లేని చెరువు

ఏలూరులో ఒక చేపల మందుల కొట్టు వెనక గదిలో నా ఉద్యోగం. కొల్లేరు రైతులు సీసాల్లో తెచ్చే చెరువు నీళ్ళు పరీక్షించి, ఏం చల్లాలో చెప్పాలి. కెమిస్ట్రీ చదివి చేపలకు వైద్యమా అని మా ఆయన నవ్వితే, "అవి ఎదురు మాట్లాడవు, అదే సుఖం" అనేదాన్ని.

ఆ ఏడాది కొల్లేరు సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేస్తుందన్న మాట గట్టిగా వినిపించసాగింది. మా యజమానికీ అక్కడ చెరువుంది. అడిగిన ప్రతివాళ్ళకీ ఆయన నన్ను చూపించి ఒకటే చెప్పేవారు: "ఏం కాదండీ. మేడం గారు రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైలెక్కి రావట్లేదూ?"

ఆ రోజుల్లోనే పెంటపాడు ఆయనొకరు తాగునీళ్ళ సీసాతో వచ్చారు. "క్యాన్ల నీళ్ళ ప్లాంటు పెడుతున్నానండీ. ఇవి తాగొచ్చేమో చూస్తారా?"

"ఇది చేపల కొట్టండీ. మనుషులకి పక్క వీధిలో ఆస్పత్రుంది."

ఆయన నవ్వి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళారు.

ఒక ఉదయం యజమాని చెరువులో చేపలు పైకి తేలి తిరుగుతున్నాయని కావలివాడు కబురు చేస్తే నేనే వెళ్ళాను. కొల్లేట్లో తవుడూ వేరుశనగ చెక్కా నింపిన సంచులకు కన్నాలు పెట్టి, నీళ్ళలో పాతిన వెదురు కర్రలకు కడతారు. చేపలు ఆ కన్నాల దగ్గరికొచ్చి తింటాయి. చేపల పట్టుబడి అయ్యేదాకా కర్రల జోలికి ఎవరూ పోరు. ఆ చెరువులో ఒక్క కర్రా లేదు. ఇదివరకు కర్రలున్న చోట్ల చేపలు గుంపులుగా చేరి, నోళ్ళు తెరుచుకుని తిరుగుతున్నాయి. చప్పుడే లేదు.

కొట్టుకొచ్చి అడిగాను. "మేత కర్రలు పీకించేశారేంటండీ?"

"పుచ్చిపోయాయమ్మా."

"గట్టు మీద మోపులు కట్టున్నాయి, చూశాను. పచ్చి వెదురు. పుచ్చినవి కర్రలా, మీ మాటలా?"

ఆయన గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు. "మెల్లగా అనండి. గట్లు ఎలాగూ పోతాయని మేత ఆపేశాను. మీరిప్పుడు మానేస్తే నేను కొట్టు ఎత్తేస్తున్నానని అందరికీ తెలిసిపోద్ది. సరుకు అమ్ముడుపోయేదాకా ఉండండమ్మా."

"మరి నన్ను చూసి ధైర్యంగా చేపపిల్ల వదిలిన వాళ్ళ సంగతేంటండీ?"

ఆయన లేచి ఫ్యాను వేసుకున్నారు.

ఆ సాయంత్రం వచ్చిన రైతులందరికీ కొత్తగా పిల్ల వదలొద్దని చెప్పాను. యజమాని వింటూనే మిగిలిన సరుకు లెక్క రాసుకుంటున్నారు. అది చూశాక, గట్లు నిజంగా తెగుతాయా అని నాలో మిగిలిన కాస్త అనుమానమూ పోయింది. తిరుగు రైల్లో చూద్దును కదా, పెట్టెలో సగం మంది చేతుల్లో కొన్న నీళ్ళ సీసాలే. రోజూ చూస్తున్నవే. ఇంటికెళ్ళగానే పెంటపాడు ఆయనకు ఫోన్ చేశాను.

"చేపల డాక్టరు గారా? ఎప్పుడొస్తారండీ?"

నేను ప్లాంటులో చేరాక కొన్నాళ్ళకు కొల్లేట్లోకి పొక్లెయిన్లు దిగాయి. గట్లు తెగాయి. ఆ కబురు తెలిసిన రోజు, ప్లాంటు పక్కింటావిడ తమ బోరు నీళ్ళు తెచ్చింది. "పిల్లలు తాగుతారు, ఊరికే చూడండి."

గాజు గొట్టంలో ఆ నీళ్ళు పోసి, అమ్మోనియా చూసే మందు చుక్కలు వేశాను. నీళ్ళు పసుపెక్కి, చూస్తుండగానే ముదిరాయి. చేపలు తేలే చెరువుల్లో చూసిన రంగే. ఇళ్ళ బోర్లే ఇలా ఉంటే, ఈ ఉద్యోగం నాకు చాలా ఏళ్ళు ఉంటుందని అర్థమైంది. ఆవిడ ఇంకా నా మొహం వైపే చూస్తోంది.