చల్లటి రాతినేల

ఆ రోజు నేను రాసుకున్న డైరీలో అతని పేరు లేదు, నేను అడగలేదు. గల్ఫ్‌లోని బౌషర్‌లో కంటి డాక్టరుకు చూపించుకుని, సమాయిల్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాడు. ఫోన్‌లో నా తెలుగు విని మాట కలిపాడు. జగిత్యాల వైపు మనిషి, బిల్డింగులు కట్టే సైట్‌లో పని.

"రెండు కండ్లు పోతున్నయట సారూ. వచ్చే నెల ఇంటికి పోతున్న. మా ఆమె చర్చికి పోతది. పాత గోవా చర్చి సూపిస్తనని పెండ్లప్పుడే మాటిచ్చిన. ఇప్పుడు పోయి నేనేం జూస్త? స్తంభం లెక్క నిలబడుడే."

పోర్చుగీసులు నిండా నగిషీలతో కట్టిన ఆ బరోక్ చర్చి నేను చూశాను. బలిపీఠం మీది బంగారు పూత గురించి చెప్పబోయి ఆగాను.

"అక్కడ అందరూ చెప్పులతోనే లోపలికి వెళ్తారు. నేను మన అలవాటుకొద్దీ బయట విడిచాను. ఎవరో నవ్వారు కూడా. కానీ ఎండలోంచి అడుగు పెట్టగానే రాతినేల చల్లదనం మోకాళ్ల దాకా పాకింది. కొవ్వొత్తుల మైనం, పాత చెక్క వాసన. పాట మొదలైతే పైకప్పు నుంచి మన మీదికి దిగుతున్నట్టుంటుంది" అన్నాను.

"అయితే మా ఆమెతోని గూడ ఇడిపిస్త. సిగ్గుపడి సస్తది" అని నవ్వాడు.

సమాయిల్‌లో దిగడానికి లేచి, సీటు కింద కాళ్లతో తడుముకున్నాడు. ఎప్పుడు విడిచాడో, చెప్పులు నా వైపు జరిగి ఉన్నాయి. వంగి, అతని పాదాల ముందు పెట్టాను.